తిరగబడని గిన్నె

నీళ్ళ ట్యాంకరు ఒంటి మీద సుద్దముక్కతో రెండు సున్నాలు చుట్టి, సంఘం ప్రెసిడెంటు నోరు మూయించిన మనిషిని అసిరమ్మ తన అరవై ఎనిమిదేళ్ళ బతుకులో ఒక్కర్తెనే చూసింది. ఆవిడ పేరు తాయారు.

మూడేళ్ళ కిందటి ఎండాకాలం అది. కూర్మన్నపాలెం జంక్షనుకి కాస్త ఇవతలున్న వాళ్ళ కాలనీలో కుళాయి తిప్పితే గాలి తప్ప చుక్క రాని రోజులు. సంఘం వాళ్ళు ట్యాంకరు తెప్పించారు. ట్యాంకరుతో పాటు ప్రెసిడెంటు త్రినాథరావు ఒక కాగితం కూడా తెచ్చాడు. ఆయన ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ పొడుగు వాక్యాలు వదల్లేదు. కాగితంలో ఇలా ఉంది: "ఈ వీధిలో నివసించువారు గానీ, లేదా ఈ వీధిలో నివసించుచు సంఘం కార్డు కలిగియున్నవారు గానీ మాత్రమే నీరు పట్టుకొనుటకు అర్హులు."

అసిరమ్మ రెండు బిందెలతో వరసలో నాలుగోది. ఎండుచేపలు అమ్ముకునేదానికి కార్డెందుకని ఆవిడ తీసుకోలేదు. త్రినాథరావు పంపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"కార్డేదమ్మా?"

"కార్డు నాకితే దాహం తీరతాదేటి బాబూ? ఈ ఈది ఏసినకాడ్నుంచి ఉన్నాను. నీ ఇంటికి పునాది తవ్వినప్పుడు మట్టి మోసింది నానే."

"రూలు రూలే. ఇందులో కార్డని రాసుందా, లేదా?"

"ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి" అంటూ వెనక నుంచి ఒక బక్కపల్చటి మనిషి వచ్చింది. అరవై దగ్గర పడుతున్న వయసు, గంజి పెట్టిన నేత చీర, చంకలో గొడుగు. కిందటి నెలే మూల ఫ్లాట్లోకి అద్దెకు దిగిన గోదావరి వాళ్ళావిడ. కాగితం రెండుసార్లు చదివి, చేతిసంచీలోంచి సుద్దముక్క తీసి, అడక్కుండానే ట్యాంకరు మీద ఓ పెద్ద సున్నా చుట్టింది.

"ఇది మన వీధిలో ఉండేవాళ్ళంతా. అవునా అండీ?"

"అవును."

"వీధిలో ఉంటూ కార్డు కూడా ఉన్నవాళ్ళు ఈ సున్నాకి లోపలుంటారా, బయటుంటారా?"

"లోపలే ఉంటారు" అన్నాడు త్రినాథరావు, ఇదేదో తనకి అనుకూలమే అనుకుని.

ఆవిడ పెద్ద సున్నా కడుపులో చిన్న సున్నా చుట్టింది. "పెద్దదాంట్లో ఉన్నవాళ్ళయినా పట్టుకోవచ్చు, చిన్నదాంట్లో వాళ్ళయినా పట్టుకోవచ్చు అని మీరే రాశారు. రెండూ కలిపితే ఎంతయింది?"

ఆయన పెద్ద సున్నా చుట్టూ వేలు తిప్పాడు. "పెద్దదే అయింది."

"అంటే వీధిలో ఉంటే చాలు. కార్డున్నా లేకపోయినా నీళ్ళు ఇవ్వాల్సిందే."

"మరి కార్డు మాట ఎందుకు రాశామంటారు మేడం?"

"నన్నడుగుతారేమండీ. పెన్ను కొత్తదై ఉంటుంది."

ట్యాంకరు డ్రైవరుతో సహా వరసంతా నవ్వింది. అసిరమ్మ రెండు బిందెలూ నింపుకుంది. తాయారు మాత్రం గొడవ గెలిచాను కదా అని ముందుకి దూరలేదు. వెనక్కి వెళ్ళి తన పదహారో నంబరులోనే నిలబడింది. ఆవిడ వంతు వచ్చేసరికి ట్యాంకరులో మడ్డి నీళ్ళు మిగిలాయి. తెలివి తక్కువ మనిషి కాదు గానీ తిక్క మనిషి అని అసిరమ్మ ఆ రోజే తేల్చేసింది. సాయంత్రం ఒక బిందె తీసుకెళ్ళి ఆవిడ గుమ్మంలో పెట్టింది.

తర్వాత తర్వాత ఆవిడ కథంతా ముక్కలు ముక్కలుగా తెలిసింది. పుట్టింది తణుకు దగ్గర పల్లె. మొగుడు నరసింహమూర్తికి పోర్టులో క్రేను పని దొరికితే పంతొమ్మిదో ఏట విశాఖపట్నం వచ్చి పడింది. క్రేను చప్పుడుకి ఆయన చెవులు పోయాయి, ఆవిడకి చదువు పట్టింది. ఇంట్లో కూచుని లెక్కల్లో డిగ్రీ చేసి, ద్వారకా నగర్లో మేడ మీదున్న ఒక కోచింగ్ సెంటర్లో చేరింది. అక్కడ పెద్ద పెద్ద సార్లు ఉండేవాళ్ళు. వాళ్ళ మొహాలు ఆటోల వెనక అచ్చేసేవాళ్ళు. వాళ్ళు పెద్ద పాఠాలు తీసుకుని, పుస్తకంలో మొట్టమొదటిదీ చిన్నదీ అని ఒక పాఠం ఆవిడ మొహాన కొట్టారు. దాని పేరు సమితులు. ఆ ఒక్క పాఠమే ఇరవై రెండేళ్ళు చెప్పింది. జూన్ నెలలో సింహంలా ఉండేది. జూలై దాటితే ఆవిడ పేరు ఏ పిల్లకీ గుర్తుండేది కాదు. చివరికి ఆవిడ పాఠాన్ని ఆవిడ చేతే వీడియో తీయించుకుని, వీడియో వచ్చింది కాబట్టి తమరు రానక్కర్లేదు అన్నారు.

"నీ గొంతే నిన్ను ఎళ్ళగొట్టిందన్నమాట" అంది అసిరమ్మ.

"బాగానే చెప్పానుగా మరి. అందుకే దాచుకున్నారు" అంది తాయారు. ఏడవాల్సిన చోట కూడా గొప్పలు పోయే మనిషి. అసిరమ్మకి నచ్చింది అదే.

ఫ్లాటు గోడకి మేకు కొట్టనివ్వని ఇంటివాడు, బోర్డు తగిలించనిస్తాడా? అసిరమ్మ ఇంటి ముందు నున్నటి సిమెంటు గోడ ఒకటుంది. తాయారు దాన్ని అడిగింది. నా చేపల ఎండకి అడ్డు రానంటే రాసుకో అని అసిరమ్మ ఒప్పుకుంది. నల్లరంగు పూశారు. సాయంత్రాలు కాలనీలో టెన్తూ ఇంటరూ చదివే ఆడపిల్లలు వచ్చి చాపల మీద కూచునేవాళ్ళు. మొదటి వారం తాయారు ముక్కుకి చెంగు కట్టుకుని పాఠం చెప్పింది. రెండో వారానికి చెంగు జారిపోయింది, ముక్కు కూడా అలవాటు పడింది.

గోడ పక్కనే పీట మీద కూచుని నెత్తళ్ళ చేపలు ఏరుకుంటూ అసిరమ్మ వినేది. వినకపోతే చెవులెక్కడ పెట్టుకోవాలి? రెండో తరగతిలో బడి మానేసినా అక్షరాలు వచ్చు. ఆ గుర్తులకి ఆవిడే పేర్లు పెట్టింది. ∪ అంటే నిలబెట్టిన గిన్నె: రెండు బుట్టల్లోవీ ఏవి పడినా పట్టేస్తుంది. ∩ అంటే బోర్లించిన గిన్నె: రెండింట్లోనూ ఉన్నదాన్నే కింద కప్పి ఉంచుతుంది. అక్షరం నెత్తిన గీత ఉంటే, అందులో లేనివాళ్ళు. తాయారు ముందు నవ్వింది గానీ, పిల్లలకి అవే బుర్రకెక్కాయని తెలిసి తనూ అవే వాడింది.

"ఒకే సమితిని దానితోనే కలిపితే?" అని అడిగేది పిల్లల్ని. వాళ్ళు తెల్లమొహం వేస్తే, "అసిరమ్మనీ అసిరమ్మనీ కలిపితే ఒక్క అసిరమ్మే. అదృష్టం. ఇద్దరైతే ఈ వీధి ఖాళీ చెయ్యాల్సొచ్చేది" అనేది.

అన్నిటికంటే ఆవిడ గట్టిగా అరిచి చెప్పే న్యాయం డిమోర్గన్ అనే దొరది. రెండక్షరాల మీదా కలిపి ఒకే పొడుగు గీత ఉంటే, ఆ గీత తెంపి ఒక్కోదాని మీద ఒక్కో ముక్క పెట్టొచ్చు. కానీ గీత తెగిందా, మధ్యలో గిన్నె తిరగబడాలి. నిలబడింది బోర్లపడాలి, బోర్లపడింది నిలబడాలి.

"ఆ దొర ఇంట్లో గిన్నెలు తోమినాడేటి?" అని అసిరమ్మ అడిగింది.

"తోమి ఉంటే ఇంకో రెండు న్యాయాలు కనిపెట్టేవాడు" అంది తాయారు.

ఒక్క అలవాటే అసిరమ్మకి నచ్చేది కాదు. లెక్క అయ్యాక తాయారు చివరి వరస కింద రెండు గీతలు లాగి, సుద్దముక్క గోడవతలికి విసిరేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది. ఓసారి సరిచూసుకోరాదా అంటే, "సరిచూసుకోవడం నమ్మకం లేనివాళ్ళ పని" అనేది. ఎండుచేపల బుట్ట మూడుసార్లు తిరగేస్తే గానీ బజారుకి తీసుకెళ్ళని అసిరమ్మ అది విని పెదవి విరిచేది.

ఈ ఏడు బజారు సందులో సంఘం వాళ్ళు రేకుల నీడ వేసి ఇరవై నాలుగు సిమెంటు గట్లు కట్టించారు. అసిరమ్మ ముప్పయ్యేళ్ళుగా ఆ సందులోనే, మురుక్కాలవ పక్కన, గొడుగు కింద కూచుని అమ్ముతోంది. ఇకమీదట గట్టు ఉన్నవాళ్ళే అమ్మాలి, లేనివాళ్ళు సందులో బుట్ట దించకూడదు అన్నారు. ఎవరికివ్వాలో మీటింగులో మాట్లాడుకున్నారు. మాట చిన్నదే: వేరే కొట్టు ఉండి, పైగా బయటినుంచి వచ్చినవాళ్ళకి ఇవ్వొద్దు, మిగతా అందరికీ ఇవ్వాలి. త్రినాథరావు దాన్ని పేజీన్నర చేశాడు. వేరే కొట్టు ఉండి బయటివారైనవారు, లేదా వేరే కొట్టు ఉండి బయటివారై చేపలు అమ్మువారు, వీరు కానివారందరును అని సాగింది. ట్యాంకరు సంగతి మర్చిపోలేదు కాబట్టి, నోటీసు అంటించేముందు దాన్ని తీసుకుని గోడ దగ్గరికి వచ్చాడు.

"మేడం, తర్వాత నలుగుర్లో పరువు తీసేకంటే ముందే మీరు కుదించి ఇచ్చెయ్యండి" అన్నాడు.

తాయారుకి పండగయింది. పిల్లల్ని కూచోబెట్టి గోడ మీద మొదలెట్టింది. కొట్టున్నవాళ్ళు, అంటే దుకాణం వాళ్ళు ద, బయటివాళ్ళు బ, చేపలమ్మేవాళ్ళు చ. చేపల ముక్క చిన్న సున్నా, పెద్దదాని కడుపులోనే ఉంది, కొట్టేశాం అంది. మిగిలింది ద ∩ బ, మీద పొడుగు గీత. గీత తెంపింది, చివరి వరస రాసింది, రెండు గీతలు లాగింది, సుద్దముక్క విసిరేసింది. దాన్ని తెలుగులో పెట్టి కాగితం మీద ఒకే వాక్యం రాసిచ్చింది: వేరే కొట్టు ఉండకూడదు, బయటివాళ్ళూ కాకూడదు, ఈ రెండూ కుదిరినవాళ్ళకే గట్టు. కింద సంతకం చేసింది. త్రినాథరావు ఆ వాక్యాన్ని దండం పెట్టినంత పని చేసి తీసుకెళ్ళాడు.

ఆదివారం పొద్దున జాబితా అంటించారు. అందులో అసిరమ్మ పేరు లేదు. బెండకాయలమ్మే దేవి పేరూ లేదు. దేవి తుని నుంచి వచ్చి ఆరేళ్ళయింది, ఆ గంప తప్ప ఇంకో ఆధారం లేదు.

"పిన్నీ, నాను బయటిదాన్నంట. నీదేటి మరి?" అంది దేవి కళ్ళు తుడుచుకుంటూ.

అసిరమ్మ తిన్నగా త్రినాథరావు మీదకెళ్ళింది. "నా పేరేదీ?"

"నీకు వేరే కొట్టుంది కదమ్మా. మీ అల్లుడి సెల్‌ఫోన్ల కొట్టు నీ పేరు మీదే ఉంది."

"ఉంటే? నాను బయటిదాన్నా? నీకంటే ముందు పుట్టినాను ఈ మట్టిలో."

"బయటిదానివి కావు. కానీ కొట్టుంది. రెండూ కుదరాలి. నేను రాసింది కాదు, సాక్షాత్తూ మేడమే రాశారు, ఇదిగో సంతకం. సున్నాలు చుట్టి రాశారు" అన్నాడు. మూడేళ్ళ కిందటి మడ్డి నీళ్ళు ఆయన మొహంలో అప్పటికి తేటపడ్డాయి.

అసిరమ్మ ఇంటికొచ్చి పీట మీద కూలబడింది. తిట్లన్నీ నోటి దాకా వచ్చాయి గానీ చేతులు ఊరుకోవు కదా, నెత్తళ్ళ బుట్ట ముందుకి లాక్కుంది. ముప్పయ్యేళ్ళుగా ఆవిడ ఏరే పద్ధతి ఒక్కటే: పాతదై, పైగా విరిగిన చేప కోళ్ళకి. మిగతావన్నీ బజారుకి. పాతదైనా ముక్క కాకపోతే అమ్ముడవుతుంది. విరిగినా కొత్తదైతే పులుసుకి పోతుంది. ఓ గుప్పెడు ఏరి, చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తి గోడకేసి చూసింది. తాయారు రాసిన లెక్క చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

పాతవి ద, విరిగినవి బ. రెండూ అయినవాటిని తీసెయ్యాలి. తీసేస్తే బుట్టలో మిగిలేది? పాతది కాకపోయినా చాలు, విరగకపోయినా చాలు. గోడ మీద అలా లేదు. పాతదీ కాకూడదు, విరగనూ కూడదు అనుంది. ఆ లెక్కన ఏరితే సగం బుట్ట కోళ్ళపాలు. అసిరమ్మ లేచి, గోడకి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్ళి చూసింది. పై వరసలో బోర్లించిన గిన్నె. గీత తెగింది. కింది వరసలో, రెండు గీతలు లాగిన వరసలో, గిన్నె ఇంకా బోర్లించే ఉంది.

మూల ఫ్లాటు తలుపు నరసింహమూర్తి తీశాడు. "చేపలా? మేం తినం కదమ్మా" అని వీధంతా వినేలా అన్నాడు.

"అమ్మడానికి రాలేదు బాబూ. మీ ఆవిడ్ని కడిగెయ్యడానికొచ్చాను."

"ఆఁ, కాఫీయా? పెడతాను, కూచో" అని ఆయన లోపలికెళ్ళాడు.

తాయారు పేపరు మడిచింది. "జాబితా వచ్చిందటగా. ఏ నంబరు గట్టిచ్చారు?"

"మురుక్కాలవ గట్టు. టీచరమ్మా, నీ ఆఖరి వరసలో గిన్నె తిరగలేదు."

"ఏ గిన్నె?"

"నా గోడ మీద గిన్నె. గీతేమో తెంపినావు. గిన్నె బోర్లగానే ఒగ్గీసినావు."

"నేను అలా రాయను అసిరమ్మా."

"నువ్వు రాయకపోతే బల్లి రాసిందేటి? కొట్టు లేకపోయినా సాలు, బయటోల్లు కాకపోయినా సాలు అని ఉండాల. నాకు కొట్టుంది గానీ నాను బయటిదాన్ని కాను. దేవి బయటిది గానీ దానికి కొట్టు లేదు. ఇద్దరికీ గట్టు రావాల. నీ లెక్కకి ఇద్దరమూ పోయాం."

"ఇరవై రెండేళ్ళు చెప్పాను ఆ పాఠం."

"నాను ముప్పయ్యేళ్ళు సేపలమ్మినాను. ఐనా ఒకో రోజు కుళ్ళింది బుట్టలో ఎళ్ళిపోద్ది. అందుకే మూడుసార్లు తిరగేత్తాను. నువ్వు ఒకసారీ తిరగెయ్యవు."

తాయారు పెన్ను తీసి పేపరు అంచు మీద లెక్క చేసింది. ఆవిడ మొహం ఒక్కో వరసకీ ఒక్కో ఏడు ముసలిదైంది. చివరికి పెన్ను పడేసి తన కుడిచేతిని ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకుంది.

"ఆ కోచింగ్ సెంటరు పుస్తకంలో గీత తెంపే లెక్క ఒక్కటే ఉండేది. అందులో ఎప్పుడూ నిలబెట్టిన గిన్నే. అన్ని జూన్ నెలలూ జవాబులో బోర్లించిన గిన్నె రాసీ రాసీ, ఇక్కడ పైన ఏముందో కళ్ళు చూడనే లేదు. చెయ్యి రాసేసుకుంది" అంది.

దారి పొడుగునా అసిరమ్మ కూర్చుకున్న తిట్లు ఇంకా అయిదారు మిగిలి ఉన్నాయి. వాటిని త్రినాథరావుకి అట్టేపెట్టి, కాఫీ తీసుకుంది. పంచదార వెయ్యడం ఆయన మర్చిపోయాడు.

తాయారు త్రినాథరావుకి ఫోను చేసింది. మొగుడికి వినపడాలని ఆ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది కాబట్టి అసిరమ్మా విన్నది.

"మీరిప్పుడు మారిస్తే చేపలావిడ స్నేహం కోసం మార్చారంటారు మేడం. రేపు పదింటికి గట్లకి పేర్లు రాయించేస్తున్నాను. ఈలోగా నలుగురి ముందూ అది తప్పని తేలాలి. తేలితే మారుస్తాను, నాకేం పట్టుదల లేదు" అన్నాడు. పట్టుదల లేదన్న మాటని చప్పరించి చప్పరించి అన్నాడు.

తాయారు ఫోను పక్కన పెట్టింది. "సుద్ద పట్టాక నాది తప్పు అని ఎక్కడా అనలేదు నేను. వాళ్ళు వెళ్ళిపొమ్మన్నప్పుడు కూడా, నా పాఠంలో తప్పుందని ఎవరూ అనలేకపోయారు అనుకునే వచ్చాను. నాకు మిగిలింది అదొక్కటే."

"అయితే దాన్ని ముద్దెట్టుకుని కూకో. నానూ దేవీ నీ గుమ్మంలో గంపలు దించుతాం" అంది అసిరమ్మ. అన్నాక గ్లాసు కింద పెట్టింది.

నరసింహమూర్తి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, పంచదార డబ్బా తెచ్చి మధ్యలో పెట్టాడు.

తాయారు లేచింది. చేతిసంచీ వెతికి, కొత్త సుద్దముక్క తీసి అసిరమ్మ చేతిలో పెట్టింది.

"రేపు తొమ్మిదింటికి అందర్నీ నీ గోడ దగ్గరికి రమ్మంటాను. లెక్క నువ్వు చెయ్యాలి."

"నాను రెండో తరగతి దాటనిదాన్ని."

"నేను డిగ్రీ దాకా వెళ్ళినదాన్ని. చూశావుగా. నేను చేస్తే నీ కోసం తిప్పానంటాడు. నువ్వు చేస్తే ఎక్కడ తప్పు పట్టుకోవాలో ఆయనకి తెలీదు. నెత్తళ్ళ బుట్ట పక్కన పెట్టుకో, ముందు చేపల్తో చూపించు, తర్వాత గిన్నెల్తో చూపించు. నేను పిల్లలతో పాటు చాప మీద కూచుంటాను. నా వరస చెరపొద్దు అసిరమ్మా. అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాయి. ఇది రాసింది తాయారు అని గట్టిగా, మా ఆయనకి కూడా వినపడేలా చెప్పు. అయిపోయాక సుద్దముక్క మాత్రం విసిరెయ్యకు. వెనక్కి తిరిగి ఓసారి మొత్తం చూసుకో."